నీకెలా తెలుసు?

పోయిన నెల ఆఫీసులో నాకు అందరి ముందూ అక్షింతలు పడ్డాయి. అవి ఇంకా దులుపుకోలేకపోతున్నాను.

నేను చేసేది మసాచుసెట్స్ దక్షిణ తీరంలో, పాత వస్తువులు వేలం వేసే ఓ చిన్న సంస్థలో. వచ్చిన వస్తువుకి ఫొటోలు తీసి, కొలతలు రాసి, కేటలాగు కోసం నాలుగు ముక్కలు వివరణ రాయాలి. ఒకప్పుడు వేట ఓడలకి పెద్ద రేవైన న్యూ బెడ్‌ఫర్డ్ పక్కనే కాబట్టి తిమింగలాల వేట కాలం నాటి సామాను ఎక్కువగా వస్తుంది. అందులో స్క్రిమ్‌షా ఒకటి. మూడేళ్లు, నాలుగేళ్లు సముద్రం మీదే ఉండే వేటగాళ్లు ఊసుపోక చెక్కిన బొమ్మలు. స్పెర్మ్ తిమింగలం పన్ను మీది గరుకంతా గీకి, సొరచేప చర్మంతో రుద్ది నున్నగా చేస్తారు. తర్వాత సూదితోనో చాకుమొనతోనో గీతలు గీసి, వాటిలో దీపపు మసి పట్టిస్తారు. మసి తుడిచేస్తే గీతల్లో మిగిలినదే బొమ్మ.

పళ్లే కాదు. చేరిన కొత్తలో ఓ పెట్టె తెరిస్తే తెల్లటి పిడికి పళ్ల చక్రం బిగించిన వస్తువు ఒకటి కనిపించింది. "మా ఇంట్లో కజ్జికాయల అంచులు కోయడానికి ఇలాంటిదే ఉంది" అన్నాను. అందరూ నవ్వారు. తీరా చూస్తే అదీ పిండి వంటదే, వాళ్లు 'పై' అనే వంటకం అంచులు నొక్కడానికి. ఎవరో నావికుడు ఇంటిదాని కోసం తిమింగలం దంతంతో చేసుకొచ్చాడు. ఆ రోజు నుంచి ఈ సరుకు మీద నాకు కాస్త చుట్టరికం.

అసలు గొడవ ఒక పన్ను గురించి. ఎనభై దాటిన పెద్దాయన వంటింటి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. పన్ను మీద గొడుగు పట్టుకున్న ఒక అమ్మాయి. వాళ్ల తాతగారి తాత 1836లో ఓడెక్కి, పెళ్లాం కోసం చెక్కాడట. చెబుతూ చెబుతూ ఆయన కళ్లు తడిచేసుకున్నాడు. నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. కేటలాగులో ఆ నావికుడి పేరు పెట్టి, ఆయన చెక్కినదే అని ఖాయంగా రాసేశాను.

మా ఆఫీసు పెద్దావిడకి డెబ్బై ఏళ్లు. పేరు పెట్టి పిలవమంటుంది, నాకు నోరు రాదు. కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది నీకెలా తెలుసు?" అంది.

"ఆయన చెప్పారు."

"ఆయన చూశాడా?"

ఆ మాటకి నాకు చెడ్డ కోపం వచ్చింది. మన దగ్గర ఇంటి పెద్ద ఒక మాట చెబితే రసీదు అడుగుతామా? ఆవిడ మాత్రం భూతద్దం నా చేతికిచ్చి, అమ్మాయి పరికిణీ చూడమంది. గంట బోర్లించినట్టు ఇంత వెడల్పు. దగ్గర పెట్టి చూస్తే అంచు వెంబడి సన్నటి చుక్కలు, చుక్క నుంచి చుక్కకి గీత. పత్రికలో బొమ్మని పన్ను మీద అంటించి, సూదితో పొడిచి, కాగితం తీసేసి చుక్కలు కలిపాడన్నమాట. మన ముగ్గే. 1830లో ఫిలడెల్ఫియాలో మొదలైన గోడీస్ లేడీస్ బుక్ లాంటి ఆడవాళ్ల పత్రికల్లో ఫ్యాషన్ బొమ్మలు ఈ నావికులకి బాగా పనికొచ్చాయి. అంత వెడల్పు పరికిణీ నిలబెట్టే ఉక్కు చువ్వల క్రినోలిన్ వచ్చిందేమో 1856లో, అంటే ఆ నావికుడు ఓడెక్కిన ఇరవై ఏళ్లకి.

"ఇంటికొచ్చాక, ముసలితనంలో చెక్కుకున్నాడేమో!" అన్నాను, ఊరుకోలేక.

"కావచ్చు. అయితే కావచ్చు అనే రాయి."

చివరికి "కుటుంబం చెప్పిన ప్రకారం" అని రాశాం. ఆ ముక్క చూస్తే నాకిప్పటికీ ఆ పెద్దాయన్ని అబద్ధాలకోరు అన్నట్టే ఉంటుంది. ఫలానావాడు చేసినది, ఫలానావాడిదని అనుకుంటున్నది, ఫలానావాడి పద్ధతిలో ఉన్నది. ఈ మూడింటికీ మధ్య డబ్బు తేడా ఉంది, పరువు తేడా కూడా ఉంది.

పంతానికి పోయి చదవడం మొదలుపెట్టాను. సంతకం పెట్టిన నావికులు బహు కొద్దిమంది. ఇక్కడి నాన్టకెట్ దీవి వాడు ఫ్రెడరిక్ మైరిక్ 1828-29లో సుసాన్ అనే ఓడ మీద ఉండగా వరసగా పళ్లు చెక్కాడు. ఓడ పేరు, తేదీ, కొన్నిటి మీద తన పేరు కూడా వేశాడు. అవి 30కి పైగా బయటపడ్డాయి. అదే దీవి వాడు ఎడ్వర్డ్ బర్డెట్‌వి లోతైన, నల్లటి, మొండి గీతలు. 1833లో తిమింగలం తాడులో చిక్కుకుని పోయాడు, అప్పటికి ముప్పై కూడా లేవు. మిగతావాళ్లంతా పేరు లేనివాళ్లే. అయినా ఇక్కడి పరిశోధకులు వదలరు. కెరటం ఎలా గీశాడు, తెరచాప తాళ్లు ఎలా ముడేశాడు, ఆకుల్లో నీడ గీతలు ఎటు వాల్చాడు అని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకే చెయ్యి అని తేలితే ఆ చేతికి ఓ పేరు పెడతారు. పాత నోట్ల మీది బొమ్మల్లాంటివి చెక్కినవాడు "బ్యాంక్‌నోట్ ఎన్‌గ్రేవర్", ఇంకొకడు "బ్రిటానియా ఎన్‌గ్రేవర్". మన ఊళ్లో మీసాల తాత, గొడుగు మాస్టారు అన్నట్టు. న్యూ బెడ్‌ఫర్డ్ మ్యూజియంలో పనిచేసిన స్టువర్ట్ ఫ్రాంక్ అనే ఆయన ఈ చెక్కేవాళ్లకి ఏకంగా ఓ నిఘంటువే రాశాడు. అచ్చులో పోసిన ప్లాస్టిక్ నకిలీలకి "ఫేక్‌షా" అని పేరు పెట్టిందీ ఆయనే.

ఇదంతా చూస్తే మెచ్చుకోలు కలిగింది, వెనకే ఒళ్లు మండింది. ఎందుకో చెబుతాను.

మాది విశాఖపట్నం పాతబస్తీ, కంసాలి కుటుంబం. కంపెనీ కాలంలో దంతం రేకుల మీద గీతలు గీసి, వాటిలో నల్ల లక్క నింపి, పెట్టెలకీ బల్లలకీ అతికేవారు మా ఊళ్లో. బొమ్మలు చాలావరకు దొరలు తెచ్చిన అచ్చు కాగితాలు చూసి దించినవే. అంటే ఈ నావికుల పనిలాంటిదే, ఇంకా సన్నంగా, ఇంకా ముందుగా. 1756లోనే ఓ సైనికాధికారి విశాఖ పొదుగుడు పనికి సాటిలేదని రాసుకున్నాడు. ఇక్కడికి రెండు గంటల లోపు దూరంలో ఉన్న సేలం మ్యూజియంలోనూ ఆ సరుకు ఉంది. వెళ్లి చూశాను. లేబుల్ మీద మా ఊరి పేరుంది, మనిషి పేరు లేదు. ఓడ మీద ఊసుపోక గీసినవాడికి నిఘంటువు, పొట్టకూటికి జీవితమంతా గీసినవాడికి ఊరి పేరుతో సరి.

నిజం చెప్పాలంటే తప్పు వీళ్లదొక్కటే కాదు. వేట ఓడలో జీతం ఉండదు, నూనె అమ్మిన డబ్బులో వాటా. వాటా పంచాలంటే ప్రతివాడి పేరూ రాయాలి. ఆ జాబితాలూ, ఓడ దినచర్య పుస్తకాలూ మిగిలాయి కాబట్టే ఈ రోజు పన్ను మీది చేతిరాతని వాటితో పోల్చగలుగుతున్నారు. మా వాళ్లకి అలాంటి జాబితా ఎక్కడుంది? పెట్టె చేసినవాడొకడు, గీత గీసినవాడొకడు, లక్క పోసినవాడింకొకడు అయి ఉండొచ్చు. కొన్న దొర పేరు మాత్రం నిలిచింది. ఇంత తెలిసినా మనసు ఒప్పుకోదనుకోండి.

మా అమ్మ దగ్గర ఓ భరిణ ఉంది. చందనపు చెక్క, మూత మీద దంతపు రేకు, చుట్టూ తీగ. అమ్మమ్మది. అందులో ఎప్పుడూ కుంకుమే. ఆదివారం ఫోన్ చేసి దాని సంగతి కదిపాను.

"మా ముత్తాత చేసిందే అది. నీకు చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉన్నానుగా" అంది.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చేసిందో తెలీదు. "నీకెలా తెలుసమ్మా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "అదేటి ప్రశ్నే?" అంది. తర్వాత పాలు పొయ్యి మీదున్నాయని పెట్టేసింది.

అక్కడ రాత్రి పదకొండవుతుండగా వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి, ఏడు. సగం మసక. ఒక దాంట్లో అమ్మ బొటనవేలే ఎక్కువ. నేను అడక్కపోయినా మూత, అడుగు, నాలుగు పక్కలూ తీసింది. పెద్దది చేసి చూశాను. తీగలో ఆకులన్నిటికీ నీడ గీతలు కుడికి వాలి ఉన్నాయి, మూల దగ్గర రెండు ఆకులకి మాత్రం ఎడమకి. గీతల్లో లక్క చాలాచోట్ల ఊడిపోయి, ఆ ఖాళీల్లో కుంకుమ పట్టేసింది.

కింద మెసేజ్: "కుంకుమ తుడిచి మళ్లీ తియ్యనా?"

తుడవొద్దని వెంటనే రాశాను. పొద్దున్నే వెలుతురులో ఆ మూల ఒక్కటీ దగ్గరగా తియ్యమన్నాను.