జీడిపప్పు లెక్కల నుంచి చావు ఇళ్ల దాకా

పలాసలో బీకాం చేసిన ఆడపిల్లకి దగ్గర్లో దొరికే ఉద్యోగం జీడిపప్పు కంపెనీలో లెక్కలు రాయడం. ఇప్పుడు మనిషి పోయిన ఇళ్లకెళ్లి దుఃఖంలో ఉన్నవాళ్లతో మాట్లాడే కౌన్సెలర్ని గానీ, మొదట నేనూ అక్కడే చేరాను. డబ్ల్యూ-240 రకం పప్పు ఎన్ని డబ్బాలు, డబ్ల్యూ-320 రకం ఎన్ని, బద్ద ఎంత, ముక్క ఎంత, ఒలిచే ఆడవాళ్లకి కిలోల లెక్కన ఎంత కట్టాలి. జీడి అంటి వాళ్ల వేళ్లు నల్లగా ఉండేవి. రిజిస్టర్లో వేలిముద్ర వేస్తే సిరా ఏదో జీడి ఏదో తెలిసేది కాదు. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను తోటలన్నీ పడగొట్టేసింది. తర్వాత మనుషుల్ని తగ్గించారు, అందులో నేనూ ఉన్నాను. ఎల్‌ఐసీ ఏజెంటుగా ఉన్న మా మావయ్య "మాటకారివి కదే, నాతో తిరుగు" అన్నాడు.

పాలసీలు కట్టించడం నాకు పెద్దగా రాలేదు. క్లెయిముల పని, అంటే మనిషి పోయాక ఇంటివాళ్లకి పాలసీ డబ్బు ఇప్పించే పని మాత్రం మావయ్య నాకే వదిలేసేవాడు, ఆయనకి ఏడుపులు పడవు. మాది శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. ఎందుకొస్తోందో తేల్చి చెప్పినవాళ్లు ఇప్పటికీ లేరు. కాబట్టి నాకు క్లెయిములకి కొదవ లేదు. బాండు, మరణ ధ్రువపత్రం, నామినీ పాసుబుక్కు తీసుకుని ఫారం నింపాలి. పాలసీ తీసుకుని మూడేళ్లు నిండకుండా పోతే విచారణ ఉంటుంది, జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పాలి. నిన్నగాక మొన్న పెద్దకార్యం చేసిన మనిషిని ఆ ప్రశ్న అడగాలంటే ముందు గంటసేపు కూర్చోవాలి. అలా కూర్చోవడమే అలవాటైపోయింది.

కవిటి దగ్గర ఒక ఊళ్లో ఒకావిడ ఫారం సగంలో పెన్ను కింద పెట్టేసింది. వాళ్లకి కొబ్బరితోట ఉంది. డయాలసిస్ వాళ్లకి కొబ్బరినీళ్లు వద్దంటారు, అందులోని పొటాషియం గుండె మీదకి తెస్తుంది. "ఒక్క బొండం కొట్టియ్యే అని అడిగినాడమ్మా. డాక్టరు వద్దన్నాడని నానివ్వలేదు. తెల్లారి పోనాడు. ఇచ్చీసుంటే?" అంది. పక్కనున్న వదిన "నీ తప్పేటుంది, ఊరుకో" అంది. ఆవిడ నిజంగానే ఊరుకుంది. మళ్లీ నోరు విప్పలేదు. సంతకం పెట్టించుకుని బస్సెక్కాను గానీ, ఆ వదిన అన్న మాట కాకుండా ఇంకేమనాలో నాకు తెలిస్తే బావుణ్ణనిపించింది.

అక్కణ్ణుంచి ఇగ్నోలో ఎం.ఏ. సైకాలజీ, దూరవిద్యలో. మధ్యలో ఒక డయాలసిస్ సెంటర్లో డేటా ఎంట్రీ, ఫీజుల కోసం. చదువు కంటే ఆ గదే ఎక్కువ నేర్పింది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, అవే మంచాలు, అవే మొహాలు. ఒకరోజు పక్క మంచం మీద కొత్త మనిషి ఉంటాడు. పాతాయన ఏమయ్యాడని ఎవరూ అడగరు, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష అంకె) ఎంతొచ్చిందని మాత్రం అడుగుతారు. యుద్ధానికి వెళ్లినవాళ్ల ఇళ్లలో చావుకబురు రాకముందే దుఃఖం మొదలవుతుందని లిండెమన్ అనే డాక్టరు 1944లో రాశాడు. మా వైపు అది మొదటి రక్తపరీక్ష రిపోర్టుతోనే మొదలవుతుంది.

ఇక దుఃఖానికి ఐదు దశలుంటాయనే మాట సంగతి. కోపం, బేరం, అంగీకారం అంటూ ట్రైనింగుల్లో మెట్లెక్కించినట్టు చెబుతారు. కూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో అవి రాసింది చావుకి దగ్గరైన రోగుల్ని చూసి. ఆ వరస పట్టుకుని భర్త పోయిన మనిషి దగ్గరికి వెళ్లి "మీరిప్పుడు ఏ దశలో ఉన్నారు" అంటే చీపురు తిరగేస్తుంది. నాకు పనికొచ్చింది ఇంకొకటి. పెద్దవాళ్లలో ఏడాది దాటినా దుఃఖం రోజూ అంతే తీవ్రంగా ఉండి, బతుకు ముందుకు సాగకపోతేనే దాన్ని రుగ్మతగా చూడమంటుంది 2022లో సవరించిన అమెరికా సైకియాట్రీ మాన్యువల్. మనవాళ్లూ సంవత్సరీకం దాకా గడువిస్తారు. కాకపోతే మనిషికి గడువిస్తారు గానీ పలకరింపు మాత్రం పెద్దకార్యంతో ఆపేస్తారు. నేను వెళ్లేది ఆ తర్వాత. మాసికాలు పెట్టే ఇళ్లయితే మాసికం మర్నాడు వెళ్తాను, ఇల్లు ఖాళీగా ఉంటుంది, మాట వస్తుంది.

ఒక చిక్కుంది. చావింట్లో "వెళ్లొస్తాను" అనకూడదు. కౌన్సెలింగేమో మళ్లీ ఎప్పుడొస్తామో చెప్పి తీరాలంటుంది. అందుకని ఏమీ అనకుండా లేచి, వీధి మలుపు దాటాక ఫోన్ చేస్తాను: "బుధవారం వస్తానమ్మా." అలవాటైనవాళ్లు గుమ్మం దగ్గర ఫోను పట్టుకునే నిలబడతారు.

"ఇప్పుడైనా బొండం మాట ఎత్తే మనిషి దొరికితే ఏం చేస్తావు?" అని మావయ్య అడిగాడు. ఆ తోట సంగతి అడుగుతాను. పోయినాయన బొండం ఎలా కొట్టి ఇచ్చేవాడు, లేత బొండం ఎవరికిచ్చేవాడు. తప్పు ఎవరిదనే మాట ఆవిడ అడిగినప్పుడు చూద్దాం.

మా అమ్మకి ఇది ఇంకా ఉద్యోగంలా కనపడదు. "మాటాడితే డబ్బులేటే?" అంటుంది. చాలామంది ఇవ్వరు కూడా. శ్రీకాకుళంలో ఒక క్లినిక్‌లో వారంలో కొన్ని పూటలు కూర్చుంటాను, ఇంటి అద్దె అక్కణ్ణుంచే.

ఈ దారిలోకి ఎలా రావాలని అడిగేవాళ్లకి: ఎం.ఏ.తో క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టకూడదు, దానికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉండాలి. మందులు సైకియాట్రిస్టు లాంటి డాక్టరే రాయాలి. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకండి, సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఫోన్లో ఉంచుకోండి. మీ పని చూసి సరిదిద్దే సీనియర్ని వెతుక్కోండి. స్కూటీ నేర్చుకోండి, కొందరికి మాట మొదలయ్యేదే ఆఖరి బస్సు వెళ్లిపోయాక.