ముందు గాలిని

పదకొండున్నర దాటింది. చిన్నదాని గదిలో ఇంకా లైటు వెలుగుతోంది. ఆపి పడుకోమందామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

సాయంత్రం చర్చి యౌవనస్తుల కూడికలో, ఇంటర్ పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థన. పెద్దాయన చేతికి మైకు దొరికితే ఏమవుతుందో మీకు కొత్త కాదు. ఇరవై నిమిషాలన్నది గంటంపావు అయింది. మధ్యలో మైకు కూత. టీ చల్లారి మీగడ కట్టింది. అదంతా సరే. "భయపడుతున్నావంటే దేవుణ్ణి నమ్మట్లేదన్నమాటే" అని బల్ల గుద్ది మరీ చెప్పారు. రెండో వరసలో ఒక పిల్ల చున్నీ అంచును వేలికి చుడుతూ, విప్పుతూ, తల ఎత్తకుండా కూర్చుంది. వాళ్ల నాన్నకు వారానికి రెండు డయాలసిస్‌లు. దానికి కాక ఇంకెవరికి వేస్తుంది భయం? లేచి ఏదో ఒకటి అనాల్సింది. కుర్చీలు సర్ది ఇంటికొచ్చేశాను.

వచ్చినప్పటి నుంచీ హుద్‌హుద్ తుపాను గుర్తొస్తోంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. విశాఖలో ఆ రోజు మా చర్చి గంట మోగలేదు. హాల్లో అద్దాలు పగిలాక అందరం నడవలో నేల మీద కూర్చున్నాం. మా ఆయన మంచాన్ని తలుపుకి అడ్డంపెట్టి దాని మీద వీపు ఆనించారు. చిన్నదానికి అప్పుడు ఆరేళ్లు. "యేసయ్య నిద్రపోతున్నాడా అమ్మా?" అంది. "తప్పు, అలా అనకూడదు" అని కసిరాను. అత్తయ్య మాత్రం పాట ఆపి, "అయితే లేపుదాం రాయే పిల్లా" అని దాన్ని ఒళ్లోకి లాక్కుంది. ఆవిడ గొంతూ వణుకుతూనే ఉంది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తుపాను కన్ను మా మీదుగా పోతోందని మాకేం తెలుసు? అయిపోయిందనుకుని వీధి వీధంతా బయటికి వచ్చి, పడిన చెట్లు చూసుకుంటున్నాం. లుంగీ ఎగగట్టుకుని ఒకాయన పరుగెత్తుకొచ్చారు. "లోపలికి పోండి, ఈసారి అటు నుంచి కొడుతుంది!" అని అరుస్తున్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పినట్టే కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది.

ఆయన ఎవరో కాదు, ఇవాళ మైకు పట్టుకున్న పెద్దాయనే.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయన్ని కడిగేద్దామనే కూర్చున్నాను. ఆ రోజు ఆయన అంత భయపడ్డారు కాబట్టే మేం లోపలికి వెళ్లాం. ఇవాళ ఆ మాట తనకు తానే చెప్పుకుంటున్నారేమో. ఏమో. అయినా ఆ పిల్ల ముందు అనకుండా ఉండాల్సింది. ఈ విషయంలో మాత్రం నేను తగ్గను.

అసలు ముల్లు వేరే ఉంది. మొన్న చిన్నది లెక్కల పేపరంటే కడుపులో తిప్పుతోందంటే, "విశ్వాసం ఉన్నవాళ్లు ఇలా వణుకుతారా?" అన్నది నేనే.

ఇందాక బైబిలు తీసి, యేసు దోనెలో నిద్రపోతుండగా తుపాను లేచిన ఘట్టం చదివాను. ఆ దోనెలో పేతురు, అంద్రెయ, యాకోబు, యోహాను, నలుగురూ వలలేసిన చేతులే. ఆ నీళ్లు ఎరిగినవాళ్లే బెంబేలెత్తి, మేం పోతుంటే నీకు పట్టదా అని నిద్రపోతున్న ప్రభువుని లేపారు. మర్యాదగా కూడా లేపలేదు. మత్తయి రాసినదాంట్లో ముందు వాళ్లను అడిగి, ఆ తర్వాత గాలిని గద్దించాడు. మార్కు రాసినదాంట్లో ముందు గాలిని గద్దించాడు, ఎందుకు భయపడ్డారని అడగడం ఆ తర్వాతే. ఇన్నేళ్లు చదివీ ఈ తేడా పట్టించుకోలేదు. గాలిని ఆపడం నా చేతిలో ఎలాగూ లేదు, అడగడానికి మాత్రం ముందుంటాను.

ఇప్పుడే వెళ్లి తలుపు తోశాను. ఇంటిగ్రేషన్ దగ్గర ఆగిపోయిందట. "కాసేపు కూర్చుంటావా అమ్మా?" అంది. నాకు ఇంటిగ్రేషన్ రాదని దానికీ తెలుసు.

చాప, తలగడ పట్టుకుని వెళ్తున్నాను.