ఎర్ర సిరా పడిన నోటు

ఈ మధ్య ఒక నాణేల ప్రదర్శనలో, వెయ్యి మార్కుల నోటుపై ఎర్ర సిరాతో అడ్డంగా ‘వంద కోట్ల మార్కులు’ అని తిరిగి ముద్రించిన 1923 నాటి జర్మన్ నోటును చూశాను. ఆ నవంబరులో ఒక్క డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. జీవితమంతా కూడబెట్టిన సొమ్ముకు రొట్టె కూడా రాని స్థితి అది. భూములు, పరిశ్రమల తాకట్టు హామీతో వచ్చిన రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీని పరిమితంగానే ముద్రించారు కాబట్టి అది నిలబడింది. ఆ సంక్షోభ కాలంలో జర్మనీ ఛాన్సలర్‌గా (ప్రభుత్వాధినేతగా) ఉన్నది మూడు నెలల పైచిలుకే అయినా, ఆ తరువాత విదేశాంగ మంత్రిగా 1925లో పశ్చిమ సరిహద్దులపై పొరుగు దేశాలతో లొకార్నో ఒప్పందాలను సాధించి, మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన దేశాన్ని 1926లో నానాజాతి సమితిలో సభ్యురాలిగా కూర్చోబెట్టిన స్ట్రెసెమాన్ ఓర్పు పట్ల నాకు అమితమైన గౌరవం. అయితే ఆ కోలుకోవడం చాలావరకు అమెరికా నుంచి వచ్చిన స్వల్పకాలిక అప్పుల మీదే ఆధారపడింది. 1929 అక్టోబరు 3న ఆయన మరణించిన కొద్ది వారాలకే వాల్‌స్ట్రీట్ కుప్పకూలింది, అప్పులిచ్చినవారు సొమ్ము వెనక్కి తీసుకోసాగారు.