3080 ప్యాడ్ల మార్పు: మెమరీ చల్లబడింది, హాట్‌స్పాట్ మాత్రం లొంగడం లేదు

గ్రాఫిక్స్ కార్డు కూలర్‌ను మళ్ళీ విప్పి, శుభ్రం చేసి, బిగించిన తరువాత కూడా కోర్‌కూ (చిప్ మామూలు ఉష్ణోగ్రత) హాట్‌స్పాట్‌కూ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) మధ్య తేడా 19 డిగ్రీల దగ్గరే నిలిచిపోయింది. థర్మల్ ప్యాడ్లు (చిప్పుల వేడిని కూలర్‌కు చేర్చే మెత్తని పట్టీలు) మార్చక ముందు ఇదే ఆర్‌టీఎక్స్ 3080లో ఆ తేడా 15 డిగ్రీలు ఉండేది. నాలుగు డిగ్రీలే కదా అని వదిలేయవచ్చు కానీ, ఆ నాలుగు డిగ్రీలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా ఈ కార్డును మూసి పక్కన పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

ముందుగా, కుదిరిన పనులు. అండర్‌వోల్ట్ (చిప్‌కు ఇచ్చే వోల్టేజీని తగ్గించడం) 0.850 వోల్టుల వద్ద 1800 మెగాహెర్ట్జ్‌తో స్థిరంగా నడుస్తోంది. కేస్ ముందు భాగంలో పెట్టిన ఆర్కిటిక్ పీ12 ఫ్యాన్లు బాగా పనిచేస్తున్నాయి. ఇచ్చే గాలికీ చేసే చప్పుడుకీ మధ్య పొందికలో వాటిని మించినవి నేను వాడలేదు. కార్డులోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ జంక్షన్ (మెమరీ చిప్పుల లోపలి ఉష్ణోగ్రత) 106 డిగ్రీల నుంచి 84కు దిగింది. 110 దగ్గర మెమరీ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది కాబట్టి, ప్యాడ్ల మార్పు అసలు ఉద్దేశం నెరవేరినట్లే.

చిక్కంతా హాట్‌స్పాట్‌తోనే. ఈ పరీక్షలన్నింటికీ అండర్‌వోల్ట్ తీసేసి, పవర్ లిమిట్‌ను 320 వాట్ల వద్దే ఉంచి, ఫ్యాన్లను 70 శాతానికి కట్టేసి, గది ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్నప్పుడు 20 నిమిషాల లోడ్ తరువాతనే సెన్సర్లను చదివే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో అంకెలు చూశాను. ఫ్యాన్లను ఆటోలో వదిలి చేసిన పోలికలను నేను నమ్మను. ఉష్ణోగ్రతలో కనిపించాల్సిన తేడాను ఫ్యాన్ వేగం మింగేస్తుంది. పాత ప్యాడ్లతో కోర్ 76, హాట్‌స్పాట్ 91. కొత్త ప్యాడ్లతో, కొత్త పేస్టుతో (చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసేది) కోర్ 78, హాట్‌స్పాట్ 106. అంటే తేడా 15 నుంచి ఏకంగా 28కి పెరిగింది, ఆటలో క్లాక్ కూడా ఉండుండి పడిపోసాగింది.

కోర్ రెండు డిగ్రీలే పెరిగి హాట్‌స్పాట్ పదిహేను పెరిగిందంటే, పేస్టు మొత్తంగా చెడ్డదని కాదు, డై (చిప్‌లోని సిలికాన్ ముక్క) మీద ఏదో ఒక పక్కన ఒత్తిడి తక్కువగా ఉందని అర్థం. కూలర్‌ను నిటారుగా పైకి లేపి చూస్తే ఆ ఊహ సరైనదేనని కంటికే కనిపించింది. డై ఎడమ అంచున పేస్టు ఎంత పలుచగా పరుచుకుందంటే దాని వెనుక సిలికాన్ అద్దంలా మెరుస్తోంది. వీఆర్ఎం (చిప్‌కు కరెంటును సరిచేసి అందించే భాగాలు) వైపున్న కుడి అంచున మాత్రం అదే పేస్టు బూడిదరంగు ముద్దగా, అంచు దగ్గర చిన్న గట్టు కట్టి మిగిలిపోయింది.

నలిగిన ప్యాడ్లను వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాను. ఎడమ వైపు మెమరీ చిప్పుల మీది 1.5 మి.మీ. ప్యాడ్లు 1.12 మి.మీ.కు నలిగితే, కుడి వైపువి 1.24 దగ్గరే ఆగిపోయాయి. ఆ రెండు వరుసల మధ్య దూరం సుమారు 60 మి.మీ. ఈ కార్డులోని జీఏ102 చిప్ వైశాల్యం 628 చదరపు మి.మీ., అంటే పక్కకు సుమారు 25 మి.మీ. ఈ లెక్కన కోల్డ్ ప్లేట్ (కూలర్‌లో డైని తాకే లోహపు పలక) వాలు డై ఒక అంచు నుంచి రెండో అంచుకు 0.05 మి.మీ. అవుతుంది. మొత్తం 320 వాట్లలో 220 వాట్లు డై నుంచే వెలువడుతున్నాయనుకుంటే, చదరపు మి.మీ.కు సగటున 0.35 వాట్లు. పేస్టు అసలు ఉష్ణవాహకతను మీటర్-కెల్విన్‌కు 4 వాట్లుగా తీసుకుంటే (ట్యూబు మీద ముద్రించిన అంకె చేతిలో ఎప్పుడూ రాదు), అదనంగా చేరిన 0.05 మి.మీ. పొర సగటున నాలుగున్నర డిగ్రీలు పెంచుతుంది. అయితే డై అంతటా వేడి సమానంగా పుట్టదు. రెట్టింపో మూడింతలో సాంద్రత ఉన్న చోట అదే పొర 9 నుంచి 13 డిగ్రీలు పెంచగలదు. నేను చూసిన పెరుగుదల సరిగ్గా 13 డిగ్రీలు. ఊహల మీద నిలిచిన లెక్కే అయినా, కాలిపర్ చెప్పినదీ సెన్సర్ చెప్పినదీ ఇంత దగ్గరగా కలవడం చూసి చాలా సంతోషించాను.

కుడి వైపు లేవడానికి కారణం వీఆర్ఎం మీది ప్యాడ్లు. వీఆర్ఎం భాగాలైన మాస్‌ఫెట్ల మీద, ఇండక్టర్ల మీద పొడవాటి ప్యాడ్ పట్టీలు ఒకదాని పక్కన ఒకటి ఉండటంతో ఆ వైపు ప్యాడ్ వైశాల్యం చాలా ఎక్కువ. వాటన్నింటినీ నలపడానికే స్ప్రింగ్ స్క్రూల బలం ఖర్చయిపోతోంది. దీన్ని రూఢి చేసుకోవడానికి ఆ ప్యాడ్లను పూర్తిగా తీసేసి, కరెంటు ఇవ్వకుండానే కూలర్‌ను బిగించి విప్పి, కేవలం పేస్టు ముద్ర చూశాను. డై అంతటా ఒకే మందంతో పరుచుకుంది. ఆ స్థానంలో 1.0 మి.మీ. ప్యాడ్లు పెడితే ఇండక్టర్లకు అందనే లేదు. అందుకే ప్యాడ్ కొనేటప్పుడు డబ్బా మీది ఉష్ణవాహకత అంకె కన్నా అది ఎంత మెత్తనిదో ముందు చూడాలని గట్టిగా చెబుతాను. 12.8 అని రాసి ఉన్న గట్టి ప్యాడ్ కన్నా, 6 అని రాసి ఉన్న మెత్తని ప్యాడ్ మొత్తం కార్డుకు ఎక్కువ మేలు చేస్తుంది.

వీఆర్ఎం వైపు ప్యాడ్లకు బదులు థర్మల్ పుట్టీ (వేడిని మోసే మెత్తని ముద్ద) వాడగానే తేడా 28 నుంచి 22కు దిగింది. పుట్టీ ఎంత సందు ఉంటే అంతకు ఒదిగిపోతుంది కనుక, మందం తెలియని ప్రతి చోటా ఇకపై నా ఎంపిక అదే. తరువాత డై మీద పేస్టు తీసేసి హనీవెల్ పీటీఎం7950 వేశాను. ఇది సుమారు 45 డిగ్రీల వద్ద మెత్తబడి పరుచుకునే పలుచని పొర. వేడెక్కి చల్లారే ప్రతిసారీ పేస్టు డై అంచుల నుంచి బయటకు జారిపోయే సమస్య దీనితో ఉండదు. మూత లేని డైలకు మామూలు పేస్టు వాడటం ఇక అనవసరమని నా అభిప్రాయం. కొన్నిసార్లు వేడెక్కించి చల్లార్చాక తేడా 19కి వచ్చి ఆగింది.

ఇక్కడే అసలు పట్టు దొరకడం లేదు. కేస్‌ను పక్కకు పడుకోబెట్టి, కార్డు నిలువుగా ఉండేలా అదే పరీక్ష చేస్తే తేడా 16 అయింది. మళ్ళీ కేస్‌ను నిలబెడితే 19. హీట్‌పైపుల దిశ మారడం వల్లనే అయితే కోర్ ఉష్ణోగ్రత కూడా మారాలి. అది ఒక్క డిగ్రీ కూడా కదలలేదు. కాబట్టి కిలోకు పైగా బరువున్న హీట్‌సింక్ నాలుగు స్ప్రింగ్ స్క్రూల మీద వేలాడుతూ కోల్డ్ ప్లేట్‌ను ఒక వైపుకు లాగుతోందని నా అనుమానం. అయితే కార్డు చివర కింద సపోర్ట్ పెట్టినా తేడా 18కి మాత్రమే తగ్గింది. సపోర్ట్ ప్లాస్టిక్ ష్రౌడ్‌ను (ఫ్యాన్లున్న పైతొడుగు) మోస్తోందే తప్ప హీట్‌సింక్‌ను నేరుగా మోయడం లేదేమో. బ్యాక్‌ప్లేట్ (కార్డు వెనుక పలక) కింది ప్యాడ్లు బోర్డును డై వెనుక నుంచి కొద్దిగా వంచుతున్నాయేమో అన్నది మరో అనుమానం. స్టీలు స్కేలును బోర్డు వెనుక ఆనించి చూస్తే మధ్యలో సన్నని వెలుతురు గీత కనిపించింది.

తరువాతి ప్రయత్నంలో ముందు బ్యాక్‌ప్లేట్ ప్యాడ్లను మాత్రమే తీసి కొలుస్తాను. దానితో ఏమీ మారకపోతే స్ప్రింగుల కింద 0.5 మి.మీ. నైలాన్ వాషర్లు వేసి ఒత్తిడి పెంచుతాను. డై మూల చిట్లే ప్రమాదం ఉంది కనుక స్క్రూలను ఎదురెదురుగా, పావు మలుపు చొప్పున మాత్రమే బిగించాలి. రెండు మార్పులను ఒకేసారి చేయను.

ఆ తరువాత ష్రౌడ్‌ను, దాని ఫ్యాన్లను తీసేసి రెండు 120 మి.మీ. ఫ్యాన్లను హీట్‌సింక్‌కు నేరుగా కట్టాలని ఉంది. నాక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 ఇందుకు శ్రేష్ఠమే కానీ, ఈ పనికి పీ12 చాలు. కార్డు మార్చే ఆలోచన కూడా మొదలైంది, ఎందుకంటే కొత్త ఆటల్లో 10 జీబీ మెమరీ ముందుగా నిండిపోతోంది. 16 జీబీ ఉన్న ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 300 వాట్లది, ఆర్ఎక్స్ 9070 ఎక్స్‌టీ 304 వాట్లది; రెండింటికీ నా దగ్గరున్న 750 వాట్ల పవర్ సప్లై సరిపోతుంది. 5070 టీఐ ఉన్న ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో హాట్‌స్పాట్ అంకెను బయటికి చూపించడం మానేయడం నాకు మింగుడుపడని విషయం. ఈ రాతలోని సమస్య ఆ కార్డుల్లో వస్తే క్లాక్ పడిపోయేదాకా మనకు తెలిసే దారి ఉండదు. ఆ ఒక్క కారణంతోనే ప్రస్తుతానికి నా మొగ్గు 9070 ఎక్స్‌టీ వైపు ఉంది. వాషర్ల ఫలితం వచ్చేదాకా మాత్రం ఏదీ కొనను.