సంక్రాంతి నాటి పెట్రోలు

ఆదివారం. రెండు రోజుల ముసురు తర్వాత కాస్త తెరిపిచ్చింది. పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది, పాములొస్తాయని అమ్మ ఒకటే గొడవ. నాన్న పొద్దున్నే గడ్డి కోసే మిషన్ బయటికి తీశారు. తాడు లాగీ లాగీ ఆయన భుజం పట్టేసింది గానీ అది మాత్రం ఉలకలేదు, పలకలేదు. వీధి చివరి మెకానిక్‌కి కబురు పెట్టాం. నాన్న దగ్గర చదువుకున్నవాడు కాబట్టి ఆదివారమైనా వచ్చాడు.

రాగానే ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"ఇదెప్పటి పెట్రోలు మాస్టారూ?"

"సంక్రాంతికి పోయించిందిరా. సగం అలాగే ఉంటే పారబోస్తామా?"

అతనేం మాట్లాడకుండా ట్యాంకులోదంతా ఖాళీ వాటర్ బాటిల్‌లోకి వంపి, ఎండలో గట్టు మీద పెట్టాడు. కాసేపటికి పైన పెట్రోలు, అడుగున వేలెడు మందాన మసకమసకగా ఇంకేదో పేరుకున్నాయి. మూతకున్న రబ్బరు వాషర్ పగిలిపోయి ఉంది. మిషన్ ఉండేది వసారాలో, అక్కడ జల్లు కొడుతుంది. గాలిలో తేమకే ఇలా అవుతుందని అందరూ అంటారు గానీ, వేలెడు మందం చేరాలంటే వాన నీళ్లు దిగి ఉండాల్సిందే.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలుపుతున్నారు కదా, దానికి పెట్రోలు కంటే నీళ్లంటేనే మక్కువ. నీళ్లు ఒక హద్దు దాటాయంటే పెట్రోలుని వదిలేసి, వాటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. ఇంజిన్‌కి వెళ్లే పైపు కూడా అడుగు నుంచే పీలుస్తుంది మరి. పైన మిగిలిన పెట్రోలూ ఇథనాల్ పోయాక ఆక్టేన్ (ఇంజిన్‌లో కొట్టుకోకుండా మండే గుణం) తగ్గి నాసిగా తయారవుతుంది.

పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే కార్బొరేటర్ విప్పితే లోపలి గోడలకు గోధుమరంగు జిగురు, అల్యూమినియం మీద తెల్లటి పొడి. అందులో మెత్తగా సాగాల్సిన పల్చటి పొర, డయాఫ్రమ్, అట్టముక్కలా బిగుసుకుపోయింది. పెట్రోలు పైపు వేలితో నొక్కగానే పగుళ్లిచ్చింది.

"ఇదంతా ఇథనాల్ కలపబట్టే" అని నాన్న తేల్చేశారు. నాకైతే అది సగం నిజమే అనిపించింది. అదే బంకులో పోయించిన పెట్రోలుతో ఆయన పాత స్కూటర్ రోజూ బజారుకి వెళ్లొస్తూనే ఉంది, దానికే రోగమూ లేదు. కదలకుండా నెలల తరబడి పడి ఉన్నదానికే ఈ తిప్పలు. ఇథనాల్ లేని పెట్రోలు కూడా నిల్వ ఉంటే జిగురు కడుతుంది, కాకపోతే నీళ్లను ఇలా కలుపుకోదు.

అలాగని నాన్న కోపంలో న్యాయం లేదనను. 2022లో పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలిపారు. 20 శాతానికి 2030 దాకా గడువుంటే దాన్ని 2025కి జరిపారు, అన్నట్టే చేశారు కూడా. పాత బండి ఉన్నవాడికి మామూలు బంకుల్లో వేరే దారి చూపించలేదు. ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై 10 శాతానికి సర్దిన కార్లలో 20 శాతం వాడితే మైలేజీ 6-7 శాతం, అలాంటి బైకులూ స్కూటర్లలో 3-4 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ నివేదికే 2021లో చెప్పింది. ఆ నష్టం భరించేది మాత్రం మనమే.

పైపు, డయాఫ్రమ్ రేపు తెచ్చి వేస్తానన్నాడు మెకానిక్. ఇకమీదట లీటరుకి మించి పోయించొద్దని, పని అయ్యాక ట్యాంకు వంపేసి, ఆగిపోయేదాకా ఇంజిన్ నడిపి పక్కన పెట్టమని చెప్పాడు. నాన్న ఆ పైన తేలిన పెట్రోలుని స్కూటర్‌లో పోద్దామని చూస్తుంటే, "చెయిన్లు కడుక్కోడానికి పనికొస్తుంది మాస్టారూ" అంటూ బాటిల్ పట్టుకుపోయాడు.

రాత్రి తమ్ముడు మిన్నెసోటా నుంచి ఫోన్ చేస్తే ఇదే కబురు. అక్కడ మామూలు పెట్రోల్లో ఇథనాల్ కలపాలన్నది చట్టమేనట. కానీ లాన్ మూవర్లకి, పడవలకి, పాతకాలపు కార్లకి ఇథనాల్ లేని ప్రీమియం పెట్రోలు వేరే పంపులో పోస్తారట. నాన్న ఫోన్ లాక్కుని, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కవర్ కప్పి వదిలేసిన వాడి కారు సంగతి ఎత్తారు. ఇప్పటి కార్ల ట్యాంకులోకి గాలి అంతగా చొరబడదు, ట్యాంకు నిండుగా ఉంటే భయం ఇంకా తక్కువ అని వాడు సర్దిచెప్పబోయాడు. నాన్న వింటేగా! చివరికి తమ్ముడు, కారుని వారానికోసారి బయటికి తీయమని చిన్నాన్న కొడుక్కి చెప్తానన్నాడు. ఆ చిన్నాన్న కొడుక్కి కావాల్సిందీ అదే.