పట్టూ విడుపూ

"లేవగానే ఎవరి మొహమూ చూడకు. ముందు నీ చేతులు చూసుకో" అనేది అమ్మ. నిద్రకళ్ళతో ఉన్న నా రెండు చేతులనూ దోసిలిలా చేర్చి, తనే మొదలుపెట్టేది:

కరాగ్రే వసతే లక్ష్మీః
కరమధ్యే సరస్వతీ
కరమూలే స్థితా గౌరీ
ప్రభాతే కరదర్శనమ్

వేళ్ళ కొసల్లో లక్ష్మి, అరచేతి నడుమ సరస్వతి, మణికట్టు దగ్గర గౌరి. మా నాన్నగారి వైపు వాళ్ళు "కరమూలే తు గోవిందః" అనేవారు. రెండు పాఠాలూ ఉన్నవే. ఏ రోజు ఏది నోటికొస్తే అది అనేసేవాణ్ణి. అమ్మ దిద్దేది కాదు. చేతులు చూసుకున్నానా లేదా అన్నదే చూసేది.

అర్ధశతాబ్దానికి పైగా అలవాటుగా చదివిన ఈ శ్లోకానికి అర్థం నాకు గత ఏడాదిలోనే తెలిసింది. ఇద్దరు నేర్పారు. ఒకరు ఏడాది నిండిన మనవరాలు, ఇంకొకరు అమ్మ.

పుట్టిన బిడ్డ అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టేసుకుంటుంది. మనం మురిసిపోతాం. నిజానికి అది బిడ్డ తెలిసి చేసే పని కాదు, శరీరం తనంతట తాను చేసేది. అయిదారు నెలలకు ఆ పట్టు సడలుతుంది. దాని చోటులో, కావాలనిపించిన వస్తువు కోసం చెయ్యి చాపడం మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మనవాళ్ళు అన్నప్రాశన పెట్టారు. మగపిల్లలకు ఆరో నెల, ఆడపిల్లలకు అయిదో నెలో ఏడో నెలో. ముందు బంగారు ఉంగరంతో నాలుకకు పాయసం తాకిస్తారు. తర్వాత పుస్తకం, కలం, డబ్బు, బంగారం, పూలు, కత్తి వరసగా పేర్చి బిడ్డను వాటి ముందు వదులుతారు. ఏది పట్టుకుంటే పెద్దయ్యాక అదవుతుందని సరదా. జోస్యం మాట నాకు పట్టదు. నాకు అబ్బురమనిపించేది వేరు. చెయ్యి మొదటిసారి తన ఇష్టంతో కదిలే నెలలను మన పూర్వులు కనిపెట్టి, ఆ కదలికను నలుగురి ముందు, దేవుడి ముందు ఒక పండుగ చేశారు.

మా మనవరాలు పుస్తకం పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత జరిగింది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళ అమ్మమ్మ పుస్తకం తీసుకోబోతే అది వదల్లేదు. మొండితనం కాదు. ఆ వయసుకు పట్టుకోవడం వచ్చు కానీ, వేళ్ళు విప్పి వదలడం ఇంకా రాదు. అది తొమ్మిది, పది నెలల తర్వాత, నెమ్మదిగా, ఎన్నోసార్లు చేస్తేగానీ రాదు. ఏడాది పిల్లలు ఉయ్యాలలోంచి చెంచా కింద పడేస్తారు. తీసిస్తే మళ్ళీ పడేస్తారు. మనం విసుక్కుంటాం. వాళ్ళు వదలడం అభ్యాసం చేస్తున్నారని తెలిస్తే విసుక్కోం.

పట్టు పుట్టుకతో వస్తుంది, విడుపు మాత్రం నేర్చుకోవాలి. ఇది తెలిశాక మన సంస్కారాలన్నీ నాకు ఒకే పాఠంలోని అక్షరాల్లా కనిపించడం మొదలైంది.

అక్షరాభ్యాసం తీసుకోండి. బాసరలో జ్ఞానసరస్వతి సన్నిధిలో వసంత పంచమి నాడు చూడాలి, పళ్ళెంలో పోసిన బియ్యం, తండ్రి ఒడిలో బిడ్డ, బిడ్డ చేతిమీద తండ్రి చెయ్యి. "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని రాస్తున్నది ఎవరు? రెండేళ్ళప్పుడు ప్రతిదీ "నాది, నాది" అని లాక్కున్న చెయ్యి, ఇంకో చెయ్యి నడిపించడానికి ఒప్పుకుంటోంది. చదువుకు మొదటి అర్హత అదేనేమో.

నా ఉపనయనంలో వటువునైన నేను మొదట చెయ్యి చాపింది అమ్మ ముందే. "భవతి భిక్షాం దేహి." నిన్నటిదాకా అన్నం కలిపి ముద్దలు పెట్టిన మనిషినే, తనెవరో కానట్టు నిలబడి అడగాలి. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ బియ్యం వేసింది. అప్పుడు ఆ కన్నీళ్ళు అర్థం కాలేదు. బిడ్డ తన చేతిలోంచి జారి గురువు చేతికి వెళ్తున్నాడని ఆమెకు తెలుసు, నాకు తెలియదు. విడుపు పాఠం ఆ రోజు నాకు కాదు, ఆమెకు.

ఆ తర్వాత వచ్చే వయసు గురించి ఎక్కువ చెప్పను. రోడ్డు దాటేటప్పుడు నాన్న చెయ్యి పట్టుకోబోతే విదిలించుకునే వయసు. ముందువెనుకలు ఆలోచింపజేసే మెదడు ముందుభాగం పాతికేళ్ళ దాకా పక్వమవుతూనే ఉంటుందట. కోపగించుకునే ముందు ఆ మాట గుర్తు చేసుకుంటే కొంత ఓర్పు వస్తుంది. నాకు ఆ ఓర్పు ఆలస్యంగా వచ్చింది. నా పిల్లల మీద అరిచిన అరుపులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి.

నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది నడివయసు. ఇల్లు, అప్పు, హోదా, పిల్లల చదువులు, వాళ్ళ మీద నా నిర్ణయాలు. ఆ పాతికేళ్ళూ పొద్దున శ్లోకం చదువుతూనే ఉన్నాను. ఒక్కసారి పిడికిలి బిగించి చూసుకోండి. వేళ్ళ కొసలు అరచేతిని కప్పేస్తాయి. లక్ష్మి సరస్వతిని మూసేస్తుంది, మణికట్టు దగ్గరి గౌరి ఎటూ గుర్తుకు రాదు. శ్లోకం కరదర్శనం అంటోంది. మూసిన చేతిలో చూడటానికి ఏముంటుంది? చెయ్యి తెరిస్తేనే ముగ్గురూ కనిపిస్తారు.

మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్ ఎరిక్సన్ మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చూశాడు. నడివయసులో మనసు తన కోసం కూడబెట్టడం నుంచి తర్వాతి తరాన్ని నిలబెట్టడం వైపు తిరగాలనీ, తిరగకపోతే తనలోనే గిడసబారిపోతుందనీ అన్నాడు. నన్ను తిప్పింది కూతురి పెళ్ళి. మా ఆవిడ ధార పోస్తుంటే, పెళ్ళికొడుకు చేతిలో ఉంచిన అమ్మాయి చేతి మీంచి నా చెయ్యి తీయాలి. తీశాను. ఇంటికొచ్చి చాలాసేపు నా అరచెయ్యే చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ రాత్రి నాకు బలి చక్రవర్తి గుర్తుకొచ్చాడు. మూడడుగుల నేల అడగవచ్చిన వామనుడు విష్ణువేనని గురువు శుక్రాచార్యుడు చెప్పాడు, ఇస్తే సర్వం పోతుందనీ చెప్పాడు. పోతన భాగవతంలో బలి చెప్పిన జవాబు తెలుగువాళ్ళకు కంఠస్థం. లక్ష్మీదేవి కొప్పు మీదా, చెక్కిలి మీదా ఉండే చెయ్యి కింద ఉండి, నా చెయ్యి పైన ఉండటం కంటే మేలేముంది అంటాడు. వెంటనే, "రాజ్యము గీజ్యమున్ సతతమే" అంటాడు. ఆ "గీజ్యము" చూడండి. పుస్తకం గిస్తకం అన్నట్టు, మూడు లోకాల రాజ్యాన్ని రాజ్యం గీజ్యం అనేశాడు. వదలడం ఎంత తేలికైందో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. తాతగారైన ప్రహ్లాదుడు చిన్ననాడే సాధించినదాన్ని బలి పెద్దయ్యాక, అన్నీ గెలిచాక సాధించాడు. ఎవరి వేళ వాళ్ళది.

నేను పుట్టింది 1965లో, విశ్వావసు నామ సంవత్సరంలో. 2025 ఉగాదికి మళ్ళీ విశ్వావసు వచ్చింది. ప్రభవ నుంచి అక్షయ దాకా ఉన్న అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి, మనిషి తాను పుట్టిన పేరు దగ్గరికే చేరతాడు. ఆ అరవై ఏళ్ళలో ఆకాశంలో గురుడు సుమారుగా అయిదు చుట్లు, శని రెండు చుట్లు పూర్తిచేస్తారు. పిల్లలు పట్టుబట్టి షష్టిపూర్తి చేశారు. కలశజలాలు మా తల మీద పోసింది వాళ్ళే. ఒకప్పుడు మేం వాళ్ళకు పోసిన లాలపోతలు గుర్తొచ్చాయి. హోమంలో ప్రతి ఆహుతి తర్వాతా "ఇదం న మమ" అనిపిస్తారు. ఇది నాది కాదు. నెయ్యి చుక్క చుక్కకూ అదే మాట. "నాది" అనడం రెండేళ్ళకే వచ్చింది. "నాది కాదు" అనడానికి అరవై ఏళ్ళు పట్టింది. అదీ పురోహితుడు చెప్పిస్తుంటే.

అమ్మ ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉంది. అప్పటికి రెండేళ్ళుగా మతిమరుపు. నేను మళ్ళీ తాళి కట్టి, వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెడితే నా తల నిమిరి, "ఎవరి పెళ్ళి బాబూ ఇది?" అని అడిగింది.

చివరి నెలల్లో అమ్మ చేతులు మారిపోయాయి. ఏది తగిలినా పట్టేసుకునేది. మంచం కమ్మీ, దుప్పటి అంచు, అన్నం పెట్టే మనిషి చీర కొంగు. పట్టుకుంటే వదిలేది కాదు. నొప్పి పుట్టినా వదిలేది కాదు. నాకు ఒక్కోసారి కోపం వచ్చేది. ఆ కోపానికి ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను. అప్పుడు డాక్టరుగారు చెప్పారు. పసిబిడ్డలో ఉండే పట్టు పూర్తిగా పోదట. ఎదిగిన మెదడు దాన్ని అణచి ఉంచుతుందట. మెదడు ముందుభాగం బలహీనపడ్డప్పుడు అది మళ్ళీ పైకి రావచ్చట. అంటే అమ్మ మొండికేయడం లేదు. వదలడం మరిచిపోయింది.

పక్క గదిలో మనవరాలు అప్పుడే వదలడం నేర్చుకుంటోంది. నేలమీద పడ్డ మరమరాన్ని బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తీసి, చూసి, మళ్ళీ పడేసి, నా మొహంలోకి చూసి నవ్వేది. ఒకే ఇంట్లో ఒక చెయ్యి విప్పుకుంటోంది, ఒక చెయ్యి ముడుచుకుంటోంది.

రోజూ పొద్దున అమ్మ వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, అరచేతులు ఆమె కళ్ళ ముందు పెట్టి, చెవి దగ్గర శ్లోకం చెప్పేవాణ్ణి. తను నాకు చేసినట్టే. పుట్టేటప్పుడు పిడికిలి మూసుకొస్తాం, పోయేటప్పుడు అరచేతులు తెరిచి పోతాం అంటారు. అమ్మ అలా పోలేదు. మాఘమాసంలో ఒక తెల్లవారుజామున, నా చూపుడువేలు పట్టుకునే పోయింది. నేనే విడిపించుకోవలసి వచ్చింది.

కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో, రేవు మెట్ల మీద, దర్భ పవిత్రం వేలికి పెట్టుకుని దక్షిణంగా తిరిగి కూర్చున్నాను. అరచేతిలో నువ్వులు వేశారు, చెంబుతో నీళ్ళు పోశారు. అలవాటుగా వేళ్ళ కొసల మీంచి వదలబోయాను.

"అలా కాదండీ. కొసల నుంచి దేవతలకు. పితృతీర్థం ఇక్కడ" అంటూ పురోహితుడు నా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు చూపించారు.

మరమరాన్ని మనవరాలు పట్టుకున్న చోటు. అరవై ఏళ్ళ కిందట ఏ ఇంట్లోనో, ఏ గింజనో నేను మొదటిసారి పట్టుకున్న చోటు. పక్కనే కూర్చుని అమ్మ చూసే ఉంటుంది.

గోత్రం, పేరు చెప్పి వదిలాను. నువ్వులూ నీళ్ళూ ఆ రెండు వేళ్ళ నడుమ నుంచి జారిపోయాయి. ఒక్క గింజ మాత్రం బొటనవేలికి అంటుకుని ఉండిపోయింది. ఆయన ఇంకొంచెం నీళ్ళు పోశారు. అదీ గోదావరిలోకి వెళ్ళింది.