బడి తీర్మానం కాపీ కోసం నేను పడ్డ పాట్లు

మా ఊరి బడి తీర్మానం జిరాక్సు నిన్ననే నా చేతికొచ్చింది. రెండే పేజీలు. 3, 4, 5 తరగతుల పిల్లల్ని పక్క ఊరి మోడల్ ప్రైమరీ స్కూలుకి పంపడానికి "తల్లిదండ్రులందరూ ఏకగ్రీవంగా అంగీకరించడమైనది" అని ఉంది అందులో. ఆ తల్లిదండ్రుల్లో నేనూ ఒకణ్ణి. నన్నెవరూ అడగలేదు, మా ఆవిడనీ అడగలేదు. ఈ రెండు పేజీల కోసం ఎన్ని మాటలు పడ్డానో కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాసేస్తానేమోనని భయం.

మాది రాజాం పక్క పల్లె. పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక ఊరు కదలకుండానే విజయనగరం జిల్లా వాళ్ళమైపోయాం. మీదెక్కడ అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నోటికి సికాకులమనే వస్తుంది. రాజాంలో నాకు మోటార్ల రివైండింగు షాపుంది. మోటారు కాలిపోతే ఎక్కడ కాలిందో విప్పి చూస్తే గానీ నాకు నిద్ర పట్టదు. ఈ తీర్మానాన్నీ అలాగే విప్పి చూద్దామనుకున్నాను, అంతే.

సంగతి తెలియని వాళ్ళకి నాలుగు ముక్కలు. 2022లో జీవో 117 వచ్చి చాలా ఊళ్ళలో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలిపేసింది. మా బడి అప్పుడు ఎలాగో తప్పించుకుంది. ప్రభుత్వం మారాక 2025లో ఆ జీవో తీసేసి, తరగతికో టీచరుండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్ళు పెట్టారు. తరగతికో టీచరు అన్న ఆలోచనని నేను తప్పు పట్టను. ఒకే గదిలో ఒకటో తరగతి పిల్లలు అ ఆలు అరుస్తుంటే, ఆ మూల అయిదో తరగతి కుర్రాడు చెవులు మూసుకుని భాగహారం చేసుకోవడం నా కళ్ళతో చూశాను. కానీ మాకూ ఆ ఊరికీ మధ్య మెయిన్ రోడ్డుంది. గానుగ సీజన్లో చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. మా పాప నాలుగో తరగతి. మా వీధిలో దాని కన్నా చిన్న గుంటలూ ఉన్నారు. అయిదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపుండాలని విద్యాహక్కు చట్టం రూల్సులోనే ఉంది. మా వీధి చివర నుంచి నా బండి మీటరు అంతకన్నా ఎక్కువే చూపించింది.

జూన్ 12న బడులు తెరిచిన రోజు గానీ మాకీ సంగతి తెలియలేదు. "మీ ఊరివాళ్ళు ఒప్పుకున్నారు కదా, తీర్మానం ఉంది" అన్నారు. చూపించండంటే హెచ్ఎం మేడమ్ దగ్గర లేదు, బడి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ దగ్గర లేదు, మండల విద్యాశాఖ ఆఫీసులో ఉందట.

ముందు సోమవారం గ్రీవెన్స్‌కి కలెక్టరేట్‌కి వెళ్ళాను. టోకెన్ ఇచ్చారు, కంప్యూటర్లో ఎక్కించారు, అంతా మర్యాదగానే జరిగింది. కొన్నాళ్ళకి ఫోన్‌కి మెసేజీ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏ ఆఫీసు మీద రాశానో ఆ ఆఫీసుకే పంపితే, "కమిటీ తీర్మానం ప్రకారమే జరిగింది" అని వాళ్ళు ఓ ముక్క రాశారు, వీళ్ళు మూసేశారు. దీని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు రాశాను. తెల్ల కాగితం చాలు. నెట్ సెంటర్‌లో మూడొందలు అడుగుతారు, ఇవ్వకండి. ఎందుకు చేశారు, ఎలా చేశారు అని ప్రశ్నలు వెయ్యకండి, దానికి జవాబు చెప్పక్కర్లేదని తప్పించుకుంటారు. ఫలానా తీర్మానం, ఆ రోజు హాజరు పట్టీ, ధ్రువీకరించిన నకళ్ళు ఇవ్వండి అని కాగితాన్నే అడగాలి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, జిల్లాకి పది. నేను పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టాను. మిగతా ఐదు ప్రభుత్వానికి దానం.

షాపుకి దగ్గరే కదా, చేతికిచ్చి రసీదు తీసుకుందామని ఆ మండల విద్యాశాఖ ఆఫీసుకే వెళ్ళాను. గదిలో సగం దాకా ప్రభుత్వం బడి పిల్లలకిచ్చే విద్యార్థి మిత్ర కిట్ల అట్టపెట్టెలు. బూట్ల సైజులు కలిసిపోయాయి కాబోలు, ఇద్దరు సీఆర్పీలు (బడుల పనులు చూసే క్లస్టర్ సిబ్బంది) నేల మీద కూర్చుని జతలు కలుపుతున్నారు. గుమస్తా నా కాగితం కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ చూశాడు.

"ఏటి బాబూ, దేనికిది?"

"కారణం చెప్పక్కర్లేదండి. సెక్షన్ 6(2)."

"ఓహో, సెక్షన్లు కూడానా" అని నవ్వి కాగితం పట్టుకుని లోపలికెళ్ళాడు. కాసేపటికి నన్నూ పిలిచారు. అధికారి ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కూర్చోమనలేదు. నిలబడ్డాను.

"ఏ ఊరయ్యా? ఎవరి తాలూకు?"

మా వైపు ఈ ప్రశ్నకి అర్థం మీకు తెలుసు. ఏ నాయకుడి మనిషివి అని. "మా పాప తాలూకండి, నాలుగో తరగతి" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. ఫోన్ తీసి మా ఊరి పెద్దమనిషికి చేశాడు, స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టాడు. ఆ పెద్దమనిషి నాకు వరసకి మావ.

"ఏటల్లుడా! ఓ కాయితానికి మండలం దాకా ఎల్లిపోయావేటి? ఇంటికొచ్చి అడిగితే నానిద్దును కదా! ఊరి పరువేటవుతాది?"

"అడగడానికి వచ్చినప్పుడల్లా పొలానికెళ్ళావన్నారు కదా మావా."

"సర్లే, సారుని ఇబ్బంది పెట్టకు. వచ్చీ."

బయట సీఆర్పీల చేతుల్లో బూట్లు ఆగిపోయాయి. పింఛను పని మీద వచ్చిన మా పక్క ఊరి ముసలాయన కూడా గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. అధికారి ఫోన్ కట్ చేసి, నా దరఖాస్తుని ఒక్క వేలితో నా వైపు తోసి, "ఇలాంటి కాగితాల మీద బతికేవాళ్ళని చాలామందిని చూశాం. చెప్పు, ఎంతిస్తే మానేస్తావు?" అన్నాడు.

నా మీద ఇంతవరకూ ఎవరూ ఆ మాట వెయ్యలేదు. షాపులో పాత రాగి తీగ కిలోల లెక్కన తూచి కస్టమరుకి తిరిగిచ్చేస్తాను, రాజాంలో ఎవర్నైనా అడగండి. చెవులు వేడెక్కాయి, మాట రాలేదు. తాండ్ర పాపారాయుడు ఏలిన రాజాంలో తిరిగేవాణ్ణి, అక్కడ ఓ మాట అనేసి రావలసింది గానీ గొంతు పెగల్లేదు. "రసీదు ఇప్పించండి సార్" అని మాత్రం అన్నాను. ఆయన గుమస్తా వైపు చూశాడు. తపాలా చూసే అమ్మాయి సెలవు, రేపు రమ్మన్నాడు గుమస్తా. రేపు వెళ్తే స్టాంపు బీరువాలో ఉంది, తాళం సార్ దగ్గరుంది. ఆ మర్నాడు సార్ మీటింగు.

ఒక విషయం మాత్రం చెప్పాలి. ఆ గుమస్తాయే టీ కొట్టు దగ్గర నా పక్కకొచ్చి, అటూ ఇటూ చూసి, "పోస్టులో పంపీయండి బాబూ. కార్డు మీద మా సంతకం పడితే ఇంక మేం కాదనలేం" అన్నాడు. అలాగే చేశాను. అప్పట్లో రిజిస్టర్డ్ పోస్టుండేది, ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఏదైనా సరే, అందినట్టు రుజువు మాత్రం దాచుకోండి. ముప్ఫై రోజుల గడువు లెక్కకి అదే ఆధారం.

నేను ఇల్లు చేరేసరికి ఊరికి తెలిసిపోయింది. పంచాయతీ ఎన్నికలకి పార్టీ గుర్తులుండవు గానీ 2021లో గెలిచిన సర్పంచి ఏ పార్టీయో పసిపిల్లకైనా తెలుసు. ఇప్పుడు అధికారం రెండో వైపుంది. 2024 ఆగస్టులో బడి కమిటీ ఎన్నికలొచ్చినప్పుడు చేతులెత్తించి రెండో వైపు వాళ్ళని కూర్చోబెట్టారు. అంతకు ముందు కమిటీలో మొదటి వైపు వాళ్ళుండేవారు. నేను కాగితం అడిగాను కాబట్టి నేను సర్పంచి మనిషినని తేల్చేశారు. సర్పంచి వర్గం వాళ్ళయితే రాత్రి ఇంటికొచ్చి భుజం తట్టి, "బాగా వేశావు, పేపర్లో వేయిద్దాం" అన్నారు. వాళ్ళ పిల్లలెవరూ ఊరి బడిలో లేరు, రాజాం కాన్వెంటు బస్సెక్కుతారు. ఆ మాటే మొహం మీద అడిగితే టీ తాగకుండా వెళ్ళిపోయారు. ఊరి బడి గురించి మాట్లాడాలంటే ముందు మీ పిల్లల్ని అందులో వెయ్యండి, రెండు పార్టీల వాళ్ళకీ ఇదే చెబుతున్నాను.

డ్వాక్రా మీటింగులో మా ఆవిణ్ణి "మీ ఆయన బడి మూయించీస్తాడట కదప్పా" అని అడిగారట. ఆ రాత్రి మా ఇంట్లో నాకు చోడి అంబలి తప్ప ఏమీ పెట్టలేదు. హెచ్ఎం మేడమ్ కూడా వచ్చింది, గుమ్మంలోనే నిలబడి, "నా సర్వీసు ఇంకా మూడేళ్ళుంది అన్నయ్యా" అంది. ఆవిడ మంచిది, మా పాపకి చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఆవిడ మీద ఏమీ రాయలేదని చెప్పాను. నమ్మిందో లేదో.

ముప్ఫై రోజులు దాటినా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాను, దానికి ఫీజు లేదు. గడువు దాటాక కాపీలు ఉచితంగా ఇవ్వాలని 7(6), ఆలస్యానికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉందని సెక్షన్ 20, రెండూ గుర్తు చేశాను. విచారణకి పిలుపొచ్చింది. చీపురుపల్లి మీదుగా బస్సులో విజయనగరం వెళ్ళాను. అక్కడి పెద్ద అధికారి కుర్చీ చూపించారు, మంచినీళ్ళు తెప్పించారు, మా మండలం ఆయన్ని పది నిమిషాల్లో తేల్చేశారు. ఆ మండలం అధికారి నా మొహం చూడలేదు. ఆ తరవాతే ఈ రెండు పేజీలు వచ్చాయి.

తీర్మానం కింద సంతకాలన్నీ ఒకే నీలం పెన్నుతో ఉన్నాయి. అయిదో సంతకం మా చిన్నమ్మది. చిన్నమ్మ సంక్రాంతి వెళ్ళగానే మనవణ్ణి తల్లి దగ్గర వదిలి హైదరాబాదు బిల్డింగు పనికి వెళ్ళిపోయింది. తీర్మానం తేదీ ఫిబ్రవరిలో ఉంది. పోనీ వచ్చి పెట్టిందనుకుందామన్నా, ఆవిడ డ్వాక్రాలో నేర్చుకున్న సంతకం నాకు తెలుసు. తెలుగులో, ఒక్కో అక్షరం ఆగి ఆగి, చివరి దీర్ఘం గీత దాటి పైకి పోతుంది. ఇక్కడున్నది ఇంగ్లీషులో, ఒక్క గీతలో, కింద రెండు చుక్కలతో సహా. ఫోటో తీసి ఆవిడకి పంపి ఫోన్ చేశాను.

"నానెప్పుడు పెట్టేన్రా? నాకు ఇంగిలీసొచ్చా?" అని నవ్వింది. తరవాత, "ఆ గుంటడు రోడ్డు దాటి బడికెల్తన్నాడా?" అని అడిగింది.

ఎవరైనా బడి పేరు చెప్పి సంతకం అడిగితే పైన ఏం రాసుందో చదివించుకోండి, ఖాళీ పేజీ మీద మాత్రం పెట్టకండి. మా ఊళ్ళో మరికొందరు ఖాళీ పేజీ మీదే పెట్టామని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు, గుడ్లూ పప్పూ లెక్కకేమో అనుకున్నారట.

ఇవాళ పొద్దున్న మావే షాపుకొచ్చాడు, కాలిన మోటారేదీ లేకుండా. మళ్ళీ మీటింగు పెడదాం, ఈసారి నువ్వే ముందుండి నడిపించు, ఆ కాగితం మాత్రం పైకి పంపకు అన్నాడు. మీటింగు పెట్టండి, వలస వెళ్ళినవాళ్ళకి అందరి ముందూ ఫోన్ చేసి అడుగుదాం, స్పీకరు నేను పెడతానన్నాను. కాపీ ఈపాటికే పోస్టులో వెళ్ళిపోయిందని కూడా చెప్పాను. మావ టీ తాగాడు, డబ్బులు కూడా తనే ఇచ్చాడు. మీటింగు తేదీ ఇంకా చెప్పలేదు.

దూరం వెళ్ళే పిల్లలకి రవాణా భత్యం రావాలి కదా, మా ఊరి నుంచి ఎవరెవరి పేర్లు పంపారో జాబితా ఇమ్మని ఇంకో దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. ఈసారి నేరుగా పోస్టులోనే.